ఎలెహ్ రికార్డులు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? (అనలాగ్ సింథ్ డ్రోన్)

తుమ్మెద_రొద
అందరికీ నమస్తే. రెండు వారాల నుంచి ఒకే ఆల్బమ్ మళ్ళీ మళ్ళీ వింటున్నా, ఎలెహ్ అనే ప్రాజెక్ట్‌ది, సింథసైజర్ మీద ఒకే మోతని సాగదీసే డ్రోన్ సంగీతం, 'లొకేషన్ మొమెంటమ్', 2010లో టచ్ లేబుల్ వేసింది. మొదటిసారి పెట్టినప్పుడు ఏమీ అనిపించలేదు, లోతుగా గుయ్‌మని ఒక మోత, పది నిమిషాలైనా అదే మోత, ఇంక ఆపేద్దాం అనుకుంటుండగా పెన్ను కిందపడింది, తీసుకుందామని కుర్చీలోంచి వంగాను, వంగగానే శబ్దం మొత్తం మారిపోయింది. లేచి కూర్చుంటే మళ్ళీ పాత శబ్దం. వంగితే వేరే. ఒక పావుగంట అలా వంగుతూ లేస్తూనే ఉన్నా. అప్పట్నుంచి వేరే ఏదీ పెట్టబుద్ధి కావట్లేదు.

ఇప్పుడు మిగతావి వినాలని ఉంది కానీ లిస్ట్ చూస్తే ఎల్పీలు, స్ప్లిట్‌లు (ఇంకొకరితో చెరో వైపు పంచుకున్నవి), సిరీస్‌లు, పేర్లన్నీ ఫిజిక్స్ పుస్తకంలో పాఠాల్లా ఉన్నాయి. ఏ వరసలో వెళ్ళాలో తెలిసినవాళ్ళు చెప్తారా?

పాతటేపు
మంచి తలుపే తట్టారండి. ముందు ఒక మాట. మీరు విన్నది మధ్యలోది. అప్పటిదాకా వినైల్ మీదే వచ్చిన ప్రాజెక్ట్‌కి అది మొదటి సీడీ. అసలు మొదలు 2006లో, ఇంపార్టెంట్ రికార్డ్స్ అని మసాచుసెట్స్‌లో ఉండే చిన్న లేబుల్ వేసిన 'ఫ్లోటింగ్ ఫ్రీక్వెన్సీస్/ఇంట్యూటివ్ సింథసిస్' దగ్గర. మూడు భాగాలు. తర్వాత 'హోమేజ్' అనే వరస, ఒక్కో వేవ్‌ఫామ్‌కి, అంటే శబ్దపు అల ఆకారానికి, ఒక్కో రికార్డు, స్క్వేర్ వేవ్‌కి ఒకటి, సైన్ వేవ్‌కి ఒకటి, మొనదేలిన వేవ్‌ఫామ్‌లకి ఒకటి. 2012లో 'రేడియంట్ ఇంటర్వల్స్'. ఇంకా చాలా ఉన్నాయి గానీ వెన్నెముక ఇదే.

నేనైతే తేదీల వరసలో వెళ్ళమని చెప్పను. హోమేజ్ సిరీస్‌తో మొదలుపెట్టండి. ఎందుకంటే అది అక్షరాలు దిద్దించినట్టు ఉంటుంది, ఒక్కో వేవ్‌ఫామ్ ఎలా వినిపిస్తుందో చెవికి పట్టుబడుతుంది, ఆ తర్వాత ఫ్లోటింగ్ ఫ్రీక్వెన్సీస్‌కి వెళ్తే అక్కడ ఏం జరుగుతుందో మీకే తెలుస్తుంది. ఆ పేరు వినగానే నాకు చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ బొమ్మలు గుర్తొస్తాయి, 1950లో మొదలుపెట్టి 1976లో పోయేదాకా చతురస్రంలో చతురస్రం పెట్టి వేశాడు చూడండి 'హోమేజ్ టు ద స్క్వేర్' అని. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే రెండూ మారిపోతాయి, అంతే ఆయన చేసింది. ఇక్కడా అదే పని, రంగుల బదులు ఆసిలేటర్లు, అదే, సింథ్‌లో స్వరం పుట్టించే సర్క్యూట్లు.

కొత్తచెవులు
నేను ఫోన్‌లో పెట్టి చూశా ఇప్పుడే. ఏం వినపడట్లేదు బ్రో. సీరియస్‌గా చెప్తున్నా, మూడు నిమిషాలు సైలెన్స్. ఫైల్ పాడయిందా?

వోల్ట్_పర్_ఆక్టేవ్
@కొత్తచెవులు ఫైల్ బాగానే ఉంది తమ్ముడూ, ఫోన్ స్పీకర్‌కే అంత కిందకి దిగే శక్తి లేదు. నలభై, యాభై హెర్ట్జ్ అంటే ఆ చిన్న డయాఫ్రమ్ కదిలించగలిగేంత గాలి కాదు. మామూలు పాటలో బేస్ పోయినా పై హార్మోనిక్స్ (అడుగు స్వరంతో పాటు పైన పలికే స్వరాలు) బట్టి మెదడు అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది కాబట్టి పాట తెలుస్తుంది. శుద్ధ సైన్ వేవ్‌కి పై హార్మోనిక్స్ ఉండవు కదా, ఊహించుకోడానికి ఆధారమే లేదు, అందుకే నీకు పూర్తిగా ఖాళీ. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టు, స్పీకర్లుంటే ఇంకా మంచిది.

@తుమ్మెద_రొద మీరు వంగినప్పుడు జరిగింది మాత్రం హెడ్‌ఫోన్స్‌లో ఎప్పటికీ జరగదు, అది మీ గది చేసిన పని. కింది స్వరానికి అల చాలా పొడవు, 40 హెర్ట్జ్ తీసుకుంటే దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. గోడల మధ్య, నేలకీ కప్పుకీ మధ్య ఆ అల వెళ్ళి వెనక్కి తగిలి నిలబడిపోతుంది. కొన్నిచోట్ల ఒత్తిడి ఎక్కువ, కొన్నిచోట్ల దాదాపు సున్నా. కూర్చున్నప్పుడు మీ చెవులు నేలకీ కప్పుకీ ఇంచుమించు మధ్యలో ఉంటాయి, వంగితే నేల దగ్గరికి వెళ్ళాయి, నేల దగ్గర ఒత్తిడి ఎక్కువ. మామూలు పాటలో స్వరం మారిపోతూ ఉంటుంది కాబట్టి ఇది పట్టించుకునే టైమ్ దొరకదు. డ్రోన్ కదలదు కాబట్టి మనం కదిలితే తెలుస్తుంది.

తుమ్మెద_రొద
అయ్యో ఇంత సింపులా! అంటే నేను వింటున్నది రికార్డునా గదినా?

వోల్ట్_పర్_ఆక్టేవ్
రెండూ కలిపి. అందుకే ఇలాంటి రికార్డు ఎవరింట్లో వాళ్ళకి వేరేగా ఉంటుంది, ఇది నేను గొప్పకి చెప్పట్లేదు, నిజంగానే కొలిస్తే వేరేగా వస్తుంది.

నిశిరాత్రి
వరస గురించి నాది వేరే అభిప్రాయం. ఎలెహ్‌కి ముందు ఫ్రెంచ్ సంగీతకర్త ఎలియాన్ రాడీగ్‌ని వినాలి. ఈ నెమ్మదితనం ఆవిడ దగ్గర నేర్చుకుంటే ఎలెహ్‌లో ఆ క్రమశిక్షణ ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది. 1932లో ప్యారిస్‌లో పుట్టారు, రికార్డు చేసిన శబ్దాలతో సంగీతం కట్టిన పియర్ షేఫర్, పియర్ హెన్రీల దగ్గర పనిచేశారు, 70ల మొదట్లో న్యూయార్క్ వెళ్ళి బుక్లా సింథ్ మీద కొన్నాళ్ళు పనిచేసి, ఆఖరికి ఏఆర్‌పీ 2500 అనే సింథ్ తీసుకుని ప్యారిస్ వచ్చేశారు. కీబోర్డ్ మాత్రం తెచ్చుకోలేదు! నాకు ఆవిడ గురించి తెలిసిన విషయాల్లో ఇదే చాలా ఇష్టం. మీటలు ఉంటే వేళ్ళు వాటంతటవే రాగాలవైపు వెళ్తాయి కదా, ఆ అలవాటుకి చోటే ఇవ్వలేదు.

'అద్నోస్' మొదటి భాగం 1974. ఆ తర్వాత టిబెటన్ బౌద్ధంలోకి వెళ్ళి కొన్నేళ్ళు సంగీతమే ఆపేశారు, మళ్ళీ వచ్చి టిబెటన్ యోగి, కవి మిలరేపా మీద చేశారు, ఆపైన 'ట్రిలజీ ద లా మోర్', అందులో 'క్యెమా' 1988, 'కైలాశ' 1991, 'కూమే' 1993. మొత్తం దాదాపు మూడు గంటలు. క్యెమా ఒక్కటే గంట. నేను మొదటిసారి క్యెమా విన్నప్పుడు ఎక్కడ ఏది మారిందో ఒక్కచోట కూడా చెప్పలేకపోయా, కానీ మొదటి నిమిషం, ముప్పయ్యో నిమిషం పక్కపక్కన పెడితే రెండూ వేరే లోకాలు. గడియారంలో గంటల ముల్లు కదలడం కనపడదు, కానీ కదిలిపోయి ఉంటుంది, అలా.

పాతటేపు
రాడీగ్ గారి గొప్పతనం కాదనను. కానీ కొత్తగా వచ్చినవాళ్ళకి గంట పొడవు క్యెమా ఇస్తే సగంలో పారిపోతారు అండి. ఎల్పీకి ఒక వైపు ఇరవై నిమిషాలు, అది మనిషి చెవికి పట్టే ముద్ద.

ఇంకో తేడా ఉంది. రాడీగ్ సంగీతం పొగమంచు లాంటిది, ఎన్ని పొరలున్నాయో లెక్కపెట్టలేం, లెక్కపెట్టక్కర్లేదు కూడా. ఎలెహ్‌ది స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. ఇక్కడ ఒక ఆసిలేటర్, అక్కడ ఇంకోటి, వాటి మధ్య దూరం ఇంత. ఫ్లోటింగ్ ఫ్రీక్వెన్సీస్‌లో ఏడు సైన్ వేవ్‌ల మీద ఒక 'పల్సింగ్ స్టడీ' ఉంది, పేరులోనే చెప్పేశారు ఏం వాడారో. రెంటినీ ఒకే గంపలో వెయ్యకూడదు.

నిశిరాత్రి
పొగమంచు అన్న మాట ఒప్పుకుంటా. కానీ ఎలెహ్‌లో భావం లేదని మాత్రం అనకండి, 'రేడియంట్ ఇంటర్వల్స్' వినండి.

పాతటేపు
ఆ మాట నేను అనలేదు, అనను కూడా.

శ్రుతిపెట్టె
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను గాత్రం నేర్చుకున్నవాణ్ణి, పదిహేనేళ్ళు తంబురా పక్కన కూర్చున్నా. మీరు చెప్పిన రికార్డు పెట్టి నలభై నిమిషాలు నిజాయితీగా విన్నాను. నా ఇబ్బంది చెప్తా. తంబురా కూడా మోతే, కానీ ఆ మోత మీద ఎవరో ఒకరు పాడతారు. నేల వేసి ఇల్లు కట్టకుండా వదిలేసినట్టు ఉంది నాకు ఇది. పాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఉండిపోయా, రాలేదు. తప్పు నాదేనా?

నిశిరాత్రి
తప్పేం లేదండి, చాలా సరైన ప్రశ్న. మీరు పాట మొదలుపెట్టకముందు తంబురా శ్రుతి చేసుకుంటారు కదా, మెట్టు మీద ఆ నూలుపోగు కొంచెం అటూ ఇటూ జరుపుతారు, ఒక చోట తీగ ఒక్కసారిగా విచ్చుకుంటుంది, అడుగు స్వరంలోంచి పైన గాంధారం దానంతటదే పలుకుతుంది. ఎవరూ పాడకుండానే. ఆ ఒక్క క్షణాన్ని ఇరవై నిమిషాలు సాగదీస్తే ఎలా ఉంటుంది అన్నదే ఈ సంగీతం.

ఈ సంబంధం నేను కల్పించింది కూడా కాదు. అమెరికన్ సంగీతకర్త లా మాంట్ యంగ్ 1960లోనే ఒక కంపోజిషన్ రాశాడు, అందులో ఉన్నవి రెండే స్వరాలు, బి, ఎఫ్ షార్ప్, చాలాసేపు పట్టి ఉంచాలి అని సూచన, అంతే. షడ్జమం పంచమం అన్నమాట. 1970 నుంచి ఆయన హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ శిష్యుడై తంబురా పట్టుకుని ఏళ్ళతరబడి కూర్చున్నాడు. డ్రోన్ సంగీతం అంతా ఎక్కడో ఒకచోట ఆ తంబురాకి తగులుతుంది.

శ్రుతిపెట్టె
గాంధారం దానంతటదే పలకడం గురించి చెప్పారు చూడండి, అది నాకు తెలుసు. అది తెలిసి కూడా ఈ రికార్డులో దానికోసం వెతకలేదు, పాట కోసం వెతికా. మళ్ళీ వింటా.

వోల్ట్_పర్_ఆక్టేవ్
@శ్రుతిపెట్టె గారూ మీలాంటి చెవి ఉన్నవాళ్ళకి ఇది ఇంకా బాగా అందుతుంది. ఏం వెతకాలో చెప్తాను. మీ దగ్గర రెండు తీగలు దాదాపు ఒకే శ్రుతిలో ఉంటే 'వావ్ వావ్' అని అల వస్తుంది కదా, శ్రుతి దగ్గరయ్యేకొద్దీ అది నెమ్మదిస్తుంది. లెక్క చాలా తేలిక, రెండు ఫ్రీక్వెన్సీల తేడా ఎంతో సెకనుకి అన్ని అలలు. 100 ఒకటి, 100.5 ఇంకొకటి అయితే రెండు సెకన్లకి ఒక అల. తేడా 0.1కి తెస్తే పది సెకన్లకి ఒకటి. ఇలాంటి అలలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి వేరే వేరే వేగాలతో నడుస్తుంటే, అదే ఇక్కడ తాళం. డ్రమ్ ఎక్కడా లేదు, అయినా తాళం ఉంది.

ఇక వేవ్‌ఫామ్ సంగతి. సైన్ అంటే ఒకే స్వరం, తోడు ఎవరూ లేరు. స్క్వేర్ అంటే బేసి హార్మోనిక్సే, అడుగు 55 అయితే పైన 165, 275, అలా, అందుకే బోలుగా, వెదురు గొట్టంలో ఊదినట్టు ఉంటుంది. సాటూత్‌లో (రంపపు పళ్ళలా ఉండే అల) అన్నీ ఉంటాయి, 55, 110, 165, 220, అందుకే కోసుకుపోయేలా ఉంటుంది. దాని మీద లో-పాస్ ఫిల్టర్ (పై స్వరాల్ని ఆపి కిందివి వదిలేది) పెట్టి నాబ్‌ని పది నిమిషాల్లో పావు తిప్పు తిప్పితే ఒక్కో హార్మోనిక్ ఒక్కో మనిషి గదిలోకి వచ్చినట్టు వస్తుంది. మీరు చెప్పిన గాంధారం అయిదోది.

నేను సొంతంగా ఒక మాడ్యులర్ సింథ్ కట్టుకున్నా, మూడు ఆసిలేటర్లు. ఎలెహ్ విన్నాక అలా ఒకటి చేద్దామని కూర్చున్నా. చాలా సులువు అనుకున్నా, మూడు స్వరాలు పెట్టి వదిలెయ్యడమే కదా అని. రెండు గంటల టేక్ మొత్తం పోయింది, మధ్యలో ఫ్యాన్ వేశా, అంతే, ట్రాన్సిస్టర్లు చల్లబడి శ్రుతి జారిపోయింది. అనలాగ్ ఆసిలేటర్‌కి వేడి చాలా ముఖ్యం, స్విచ్ వేశాక అరగంటైనా వదిలేస్తే గానీ నిలకడకి రాదు. అప్పుడు అర్థమైంది, ఆ రికార్డుల్లో ఏమీ జరగనట్టు ఉండటానికి ఎంత జరిగి ఉండాలో. అలని పది సెకన్లకి ఒకటిగా నిలబెట్టడం అంటే హెర్ట్జ్‌లో పదోవంతు తేడాని పట్టి ఉంచడం, ఇరవై నిమిషాలపాటు.

కొత్తచెవులు
ఓకే హెడ్‌ఫోన్స్ పెట్టా. సారీ, ముందు మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇది సైలెన్స్ కాదు, చాలా పెద్దగా ఉంది.

ఇంతకీ ఎవరు చేశారు ఇది? ఫోటో లేదు పేరు లేదు. ఎవరికైనా తెలుసా అసలు?

పాతటేపు
పేరు బయటపెట్టకూడదని వాళ్ళు నిర్ణయించుకున్నారు, అది గౌరవిద్దాం. ఊహాగానాలు ఇక్కడ వద్దు, దయచేసి. కానీ ఒక మాట చెప్పాలి. పేరు లేకపోవడం వల్ల నాకు మేలే జరిగింది. మనిషి తెలిస్తే ఆ మనిషి జీవితం గురించి ఆలోచిస్తాం, ఏ బాధలో ఉన్నప్పుడు చేశాడు, ఏ ఊళ్ళో చేశాడు అని. ఇక్కడ ఆలోచించడానికి శబ్దం తప్ప ఏమీ దొరకదు. రికార్డు కవర్లు కూడా అంతే, గీతలు, వృత్తాలు, పేరు. ఇన్నేళ్ళుగా వింటున్నా, ఆడో మగో కూడా తెలుసుకోవాలనిపించలేదు.

కొత్తచెవులు
ఫెయిర్ పాయింట్. నాకు ముందు కాయిల్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ వాళ్ళ 'టైమ్ మెషీన్స్' తెలుసు, 1998ది, అది కూడా సింథ్ డ్రోనే. దానికీ దీనికీ సంబంధం ఏమైనా?

నిశిరాత్రి
దారి ఒకటే, గమ్యం వేరు. టైమ్ మెషీన్స్‌లో నాలుగు ట్రాకులకీ నాలుగు మత్తు పదార్థాల రసాయన పేర్లు పెట్టారు, వినేవాణ్ణి కాలంలోంచి బయటికి లాగెయ్యాలన్నది వాళ్ళ కోరిక. ఎలెహ్ నన్ను ఎక్కడికీ లాగదు. ఉన్నచోటే ఉంచుతుంది, నా గదిలో, నా కుర్చీలో, ఇప్పుడే. నాకు అదే నచ్చుతుంది.

వోల్ట్_పర్_ఆక్టేవ్
వాల్యూమ్ గురించి ఎవరూ చెప్పలేదు. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ సరిగ్గా అందదు, ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి ఈ రికార్డుల్ని మరీ సన్నగా పెడితే సగం సంగీతం చెవి దాకా రాదు. అలాగని పగిలిపోయేలా పెట్టొద్దు, కింది స్వరాలు మోసం చేస్తాయి, పెద్దగా అనిపించవు కానీ స్పీకర్ కోన్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కొట్టుకుంటూ ఉంటుంది. కోన్ వైపు ఒకసారి చూసి పెంచండి. తలుపు గడియ, కిటికీ అద్దం గిలగిలలాడితే అవి బిగించుకోండి, లేకపోతే అవి కూడా పాడతాయి.

పాతటేపు
వినైల్‌కి కూడా ఇదే కష్టం. బేస్ అంటే గాడి అటూ ఇటూ వెడల్పుగా ఊగాలి, ఊగితే చోటు ఎక్కువ తింటుంది, ఒక వైపు నిమిషాలు తగ్గుతాయి, లేదా శబ్దం తగ్గించి గాడి కోయాలి. ఇలాంటి సంగీతాన్ని ముందు ఎల్పీ మీదే వేశారంటే కోసినవాళ్ళకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. సీడీలో ఆ బాధ లేదు, కానీ లేచి వెళ్ళి రికార్డు తిప్పే పని కూడా లేదు. నాకు ఆ తిప్పడం కావాలి, లేచి నడిస్తే గది ఎలా మారిందో తెలుస్తుంది.

శ్రుతిపెట్టె
మళ్ళీ విన్నాను, ఈసారి పాట కోసం చూడలేదు. పంచమం ఉన్న ఒక చోట ఆగిపోయా. మన పియానో పంచమం కొంచెం తక్కువ ఉంటుంది, 700 సెంట్లు, అసలు శుద్ధ పంచమం 702 (సెంటు అంటే అరస్వరంలో నూరోవంతు). ఆ రెండు సెంట్లు చాలా చిన్నవే అనుకుంటాం. ఇందులో ఒక చోట పంచమం నిలకడగా లేదు, చాలా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్నట్టుంది, నేను కూడా దాంతోపాటు సన్నగా గొంతు కలిపాను, నా గొంతుని శుద్ధ పంచమం మీద పెట్టగానే ఊపిరి నా గొంతుకీ దానికీ మధ్య మొదలైంది. కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎందుకో చెప్పలేను. ఇల్లు కట్టలేదు అన్నా కదా. నేలమీద పడుకోవచ్చు అని తట్టలేదు నాకు.

నిశిరాత్రి
🙏 మీరు ఇప్పుడు క్యెమా వినాలి. తప్పకుండా.

తుమ్మెద_రొద
అందరికీ థాంక్స్, నిన్న రాత్రి పాతటేపు గారు చెప్పినట్టు సైన్ వేవ్ హోమేజ్‌తో మొదలుపెట్టా. ఒక పిచ్చి పని చేశా. పెట్టేసి గదంతా నడుస్తూ, శబ్దం బాగా తగ్గిన ప్రతి చోటా నేల మీద ఒక చిన్న కాగితం ముక్క పెట్టుకుంటూ పోయా. లైట్ వేసి చూస్తే కాగితాలన్నీ గది మధ్యలో ఇంచుమించు ఒక వరసలో ఉన్నాయి. నా కుర్చీ సరిగ్గా ఆ వరస మీద ఉంది! అంటే రెండు వారాలుగా అడుగు స్వరం పెద్దగా వినపడని చోట కూర్చునే ప్రేమలో పడ్డానన్నమాట.

వోల్ట్_పర్_ఆక్టేవ్
గది పొడవు ఎంత?

తుమ్మెద_రొద
టేపు పెట్టి కొలిచా, నాలుగు మీటర్ల ముప్పై.

వోల్ట్_పర్_ఆక్టేవ్
దానికి మొదటి నిలబడే అల సరిగ్గా 40 హెర్ట్జ్ దగ్గర. సున్నా గది మధ్యలో, గోడల దగ్గర ఎక్కువ. కాగితాలు అబద్ధం చెప్పలేదు. కుర్చీని వెనక గోడకి ఆనించి, రికార్డు అదే వైపు మొదట్నుంచి పెట్టండి.

తుమ్మెద_రొద
పెట్టా. ఎలా చెప్పాలో తెలియట్లేదు. అడుగున ఇంకో పొర ఉంది, ఇన్నాళ్ళూ అది ఉన్నట్టే తెలీదు నాకు. చాలా నెమ్మదిగా లేచి పడుతోంది, గోడ వీపుకి తగులుతోంది. లెక్కపెట్టా. లేచి పడి మళ్ళీ లేవడానికి పదకొండు సెకన్లు. మళ్ళీ లెక్కపెట్టా, పదకొండే. కాసేపాగి మూడోసారి లెక్కపెడితే పన్నెండు వచ్చింది. నేను తప్పు లెక్కపెట్టానా?

వోల్ట్_పర్_ఆక్టేవ్
లేదండి, తప్పు కాకపోవచ్చు. ఆసిలేటర్ కొంచెం జరిగి ఉంటుంది, లేదా ఎవరో చేత్తో జరిపి ఉంటారు. రికార్డు ఏ వైపు, ఎన్నో నిమిషం? నేనూ ఇప్పుడే పెడతా.